పడేవాడా, ఓర్చేవాడా?

ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చెయ్యబోయి వారం రోజులుగా ఇరుక్కుపోయాను. పెద్దలు కాస్త చెయ్యి వెయ్యండి.

టెరెన్స్ మాక్‌స్వీనీది. ఐర్లండ్‌లో కార్క్ నగరానికి మేయరు, బ్రిటిష్ పాలన మీద ఆయుధం పట్టిన ఐఆర్‌ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ)కి అక్కడున్న ఒకటో బ్రిగేడుకు కమాండెంటు కూడా. ముందున్న మేయరు మాక్ కర్టెన్‌ను 1920 మార్చిలో ఇంట్లో చొరబడి కాల్చేశారు. ఆ కుర్చీలో కూర్చుంటూ ఈయన అన్న మాటకు నా తెలుగు: 'ఎక్కువ బాధ పెట్టగలవాళ్ళు కాదు, ఎక్కువ బాధ పడగలవాళ్ళే గెలుస్తారు.'

పెట్టు, పడు జంట భలే కుదిరిందనుకున్నా. రెండ్రోజులకే మొహం మొత్తింది. 'పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడు' అంటాం కదా, ఆ పడ్డవాణ్ణి చూస్తే అయ్యో పాపం అనిపిస్తుంది. అత్త చేత మాటలు పడ్డట్టు, మీద వచ్చి పడేదే తప్ప తనంతట తాను ఎత్తుకున్నది కాదు. మాక్‌స్వీనీ కథ వేరు. ఆగస్టు 12న సిటీ హాల్లో పట్టుకుని మిలిటరీ కోర్టులో రెండేళ్ళు వేస్తే, 'నా శిక్ష ఎన్నాళ్ళో నేనే తేల్చుకున్నాను, బతికో చచ్చో నెలలో బయటపడతాను' అన్నాడు. నెల కాదు, తిండి మానేసి 74 రోజులు పట్టింది. అక్టోబరు 25న లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో పోయాడు. 41 ఏళ్ళు. దాన్ని 'పడ్డం' అనడానికి మనసొప్పడం లేదు.

— 'సహించు' పెట్టెయ్యండి, గొడవుండదు.

— వద్దండీ. 'సహించేది లేదు' అని మంత్రులు వాడి వాడి దాన్ని అరగదీశారు.

— మాస్టారూ, 'ఓర్చు' చూడండి. 'ఓర్చినమ్మకు తేటనీరు' అనేది మా అమ్మమ్మ. చెలమ తోడితే ముందొచ్చేది బురదే, తేరుకునేదాకా బిందె పక్కన పెట్టుక్కూచోవాలి. అంతకంటే ముఖ్యం, పాత కావ్యాల్లో ఓర్చడమంటే ఓడించడం కూడా. జూదంలో ఓర్చాడంటే సహించాడని కాదు, గెలిచాడని. మీ వాక్యమంతా ఆ ఒక్క క్రియలోనే ఉంది.

— బాగుంది గానీ ఒక అడ్డుపుల్ల. ఆయన్ని గాంధీగారిని చెయ్యకండి. బ్రిగేడు నడిపినవాడు, ఆ బ్రిగేడు 'పెట్టే' పనీ చేస్తూనే ఉంది. వాక్యంలో తూచింది బలాన్ని, మంచితనాన్ని కాదు. 1929లో లాహోరు జైల్లో 63 రోజులు తిండి మాని పోయిన మన విప్లవకారుడు జతీంద్రనాథ్ దాస్ కూడా బాంబులు కట్టడం వచ్చినవాడే. అప్పుడు మాక్‌స్వీనీ కుటుంబం నుంచి సంతాపం తంతి వచ్చింది.

— అందరికీ దండాలు. ఇలా దిద్దాను: 'ఎక్కువ దెబ్బ కొట్టగలవాళ్ళు కాదు, ఎక్కువ ఓర్చగలవాళ్ళే గెలుస్తారు.' 'ఓర్చుకోగల' అంటే మళ్ళీ అత్తాకోడళ్ళ వ్యవహారమవుతుందని 'కో' తీసేశాను. ఓర్చులోనే గెలుపుంటే చివర 'గెలుస్తారు' దండగే, కానీ ఆ పాత అర్థం ఈ రోజు ఎంతమందికి అందుతుంది? ఉంచేస్తున్నా.