మత్తునిచ్చే మందులు: ఫార్మసిస్టు బాధ్యత ‘ఇవ్వను’ అనడంతో తీరిపోతుందా?

చర్చనీయాంశం: డాక్టరు చీటీ లేకుండా ఆల్ప్రజోలం (ఆందోళన, నిద్రలేమికి ఇచ్చే మాత్ర), ట్రమడాల్ (నొప్పి మందు), కొడీన్ అనే మత్తు పదార్థం కలిసిన దగ్గు మందు అడిగేవారిని తిప్పి పంపితే మందుల షాపులోని ఫార్మసిస్టు పని పూర్తయినట్టేనా?

మందుల షాపు యజమాని:
పూర్తయినట్టే. ఇలాంటి షెడ్యూల్ హెచ్1 మందు (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన, రిజిస్టరులో ఎక్కించాల్సిన మందుల జాబితాలోది) అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో ఎక్కించి 3 ఏళ్లు భద్రపరచాలి, అది చేస్తున్నాం. సాయంత్రం కౌంటరు ముందు జనం నిలబడి ఉండగా ఒకరికి హితబోధ చేసే తీరిక మాకు ఉండదు.

ఫార్మసిస్టు:
హితబోధ చేయమని ఎవరూ అనడం లేదండీ. మడతల దగ్గర చిరిగి, తేదీ దిద్ది ఉన్న చీటీ చూపించి “ఒక్క స్ట్రిప్ ఇవ్వమ్మా, నిద్ర పట్టడం లేదు” అని అడిగేవారు మా కౌంటరుకు వస్తూనే ఉంటారు. ఆ చీటీ మీద మందు ఇవ్వకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఏళ్ల తరబడి ఆల్ప్రజోలం వాడిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ సంగతి తెలిసిన నేను నోరు విప్పకుండా ఆయన్ని పంపేస్తే చట్టాన్ని పాటించినట్టే గానీ రోగిని గాలికి వదిలేసినట్టు అవుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే వాటిలో ఈ మందూ ఒకటి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరక్క ఎంతోమంది ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరిన సంగతి మరిచిపోలేం.

మరొక సభ్యుడు:
ముందు షాపులో ఫార్మసిస్టు ఉండాలి కదా! రిజిస్టరైన ఫార్మసిస్టే మందు ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెప్పినా, చాలా చోట్ల సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంది, మందు మరెవరో ఇస్తారు.

ఫార్మసిస్టు:
నిజమే, సర్టిఫికెట్ అద్దెకిచ్చేవారిని మా వృత్తివాళ్లమే ముందు నిలదీయాలి. బ్రిటన్‌లో వ్యసన చికిత్సలో భాగంగా మెథడోన్‌ను (హెరాయిన్ లాంటి వాటికి బదులుగా ఇచ్చే మందు) ఫార్మసిస్టు ఎదుటే తాగించే పద్ధతి ఉంది. నేను అంత పెద్ద ఏర్పాటు అడగడం లేదు. మాత్ర ఒక్కసారిగా మానవద్దని, డాక్టరు పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ రావాలని చెప్పి, దగ్గరలోని ప్రభుత్వ డీఅడిక్షన్ (వ్యసనం మాన్పించే) కేంద్రం పేరు, అందుకోసమే ఉన్న 14446 హెల్ప్‌లైన్ నంబరు ఒక కాగితం మీద రాసివ్వడానికి ఎంత రద్దీలోనైనా రెండు నిమిషాలు దొరుకుతాయి.