ఎన్నిక కాని పార్లమెంటు ఎన్నాళ్లు? బంగ్సామోరో మీద చర్చ

గోదారి గట్టు | 13 అక్టోబరు 2025, ఉదయం 7:10

ఫిలిప్పీన్స్ దక్షిణాన బంగ్సామోరోలో ఈ రోజు పోలింగ్ జరగాల్సింది. జరగడం లేదు.

ఈ గొడవ తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మిందనావో దీవిలోనూ దాని పక్కనున్న చిన్న దీవుల్లోనూ ఉండే ముస్లింలని మోరోలంటారు. 1970ల నుంచి తుపాకులు పట్టి పోరాడారు. 2014 మార్చిలో మనీలా ప్రభుత్వానికీ మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్‌కీ (ఎంఐఎల్ఎఫ్) ఒప్పందం కుదిరింది. 2018లో చట్టం వచ్చింది. 2019 మొదట్లో జనాన్ని అడిగి ఓటింగ్ పెట్టాక స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. ఎన్నికైన సభ వచ్చేదాకా నడపమని 80 మందితో తాత్కాలిక పార్లమెంటు వేశారు. అందులో 41 మంది ఎంఐఎల్ఎఫ్ సూచించినవాళ్లు, 39 మంది ప్రభుత్వం తరఫువాళ్లు. నియామక పత్రం మీద సంతకం మాత్రం దేశాధ్యక్షుడిదే.

మూడేళ్ల ముచ్చటనుకున్నారు. 2022 మేలో ఎన్నికలన్నారు. కోవిడ్ అని 2025 మేకి జరిపారు. అక్కణ్ణుంచి ఈ రోజుకి జరిపారు. ఇప్పుడు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2026 మార్చి 31 లోపు అంటున్నారు.

నేను చెప్పేది ఒక్కటే. ఇక పొడిగించకూడదు. ఆరున్నరేళ్లుగా ఒక్క ఓటు కూడా పడకుండా చట్టాలు చేస్తున్న సభని తాత్కాలికం అని ఎలా అంటాం?

కొండారెడ్డి బురుజు | ఉదయం 8:25

గోదారి గారూ, మీ ఆవేదన అర్థమవుతోంది. కానీ మీరు లెక్క 2019 నుంచి మొదలెట్టారు. నేను 1996 నుంచి మొదలెడతాను.

ఆ ఏడాది ఇంకో సంస్థతో, నూర్ మిసువారి నడిపిన మోరో నేషనల్ లిబరేషన్ ఫ్రంట్‌తో, శాంతి ఒప్పందం జరిగింది. నెల తిరక్కుండానే ఎన్నిక పెట్టారు. మిసువారి పోటీ లేకుండా పాత స్వయంపాలిత ప్రాంతానికి గవర్నరయ్యాడు. చేతిలో నిధుల్లేవు, అనుభవమున్న యంత్రాంగం లేదు, తుపాకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. 2001 నవంబరులో ఆయన మనుషులే సూలూ దీవుల్లో సైన్యం మీద తిరగబడ్డారు. తొందరపడి పెట్టిన ఎన్నిక ఫలితం అది.

తర్వాత ఎన్నికలు సజావుగా జరిగాయనుకుందామా? 2005లో ఆ ప్రాంతానికి గవర్నరుగా గెలిచింది అంపతువాన్ కుటుంబం మనిషి. 2009 నవంబరు 23న ఆ కుటుంబం మనుషులు దారికాచి 58 మందిని చంపారు. ప్రత్యర్థి నామినేషన్ పత్రాలు వేయడానికి వెళ్తున్న ఆడవాళ్లు, బంధువులు, వాళ్ల వెంట వెళ్లిన విలేకరులు. చనిపోయినవాళ్లలో 32 మంది పాత్రికేయులే. అక్కడ కుటుంబానికో సొంత సైన్యం. వంశాల మధ్య తరాల తరబడి నడిచే పగలకి వాళ్ల భాషలో 'రీదో' అని పేరే ఉంది. అలాంటి చోట బ్యాలెట్ పెట్టె పెట్టేస్తే ప్రజాస్వామ్యం వచ్చేసినట్టేనా? ముందు నేల చదును చేయాలి.

తెనాలి కుర్రోడు | ఉదయం 8:40

మతం పేరుతో స్వయంపాలన అంటే అక్కడ మిగతావాళ్ల గతేంటి? షరియా అందరి మీదా రుద్దుతారా?

కొండారెడ్డి బురుజు | ఉదయం 9:05

లేదు తమ్ముడూ. నేనూ ముస్లింనే, ఈ ప్రశ్న రోజూ వింటాను కాబట్టి కోపం తెచ్చుకోకుండా చెప్తాను. షరియా కోర్టులు ముస్లింలకే వర్తిస్తాయని చట్టంలోనే రాసి ఉంది. రేపు ఎన్నికయ్యే పార్లమెంటులో తెదురాయ్ లాంటి ముస్లిమేతర ఆదివాసులకి రెండు సీట్లు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకి రెండు సీట్లు ప్రత్యేకంగా ఉంచారు. ఆడవాళ్లకి, యువతకి, సంప్రదాయ పెద్దలకి, ఉలమాకి (మత పండితులకి) ఒక్కొక్కటి. అవన్నీ సరిపోతాయా అంటే అది వేరే చర్చ.

గోదారి గట్టు | ఉదయం 9:50

బురుజు గారూ, ఆ ఆదివాసీ సీట్ల సంగతే తీసుకోండి. ఎన్నిక జరిగితేనే కదా తమవాడిని తాము ఎంచుకునేది! ఇప్పుడు వాళ్ల తరఫున ఎవరు కూర్చోవాలో కూడా మనీలాలో తేలుతోంది.

నేల చదును చేయాలన్నారు. సరే, ఎన్నికల చట్టం ఎప్పుడొచ్చింది? 2023 మార్చిలో. మొదట అనుకున్న పోలింగ్ 2022 మేలో. అంటే ఎన్నిక ఎలా జరగాలో చెప్పే చట్టమే ఎన్నిక తేదీ దాటిన పది నెలలకి వచ్చింది. కోవిడ్ నిజమే, కాదనను. కానీ సభ కూర్చుంది, బడ్జెట్లు పాస్ చేసింది, పరిపాలనా చట్టం, విద్యా చట్టం చేసుకుంది. తన కుర్చీ కిందికి నీళ్లొచ్చే చట్టం దగ్గరే చేతులు ఆడలేదు.

దావావ్ డాక్టరు | మధ్యాహ్నం 12:15

అన్నలూ, నేను మిందనావోలోనే ఉన్న దావావ్‌లో మెడిసిన్ చదివి వచ్చాను. అక్కడ మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో మీకు తెలిసిందే. దావావ్ బంగ్సామోరోలోకి రాదు, కానీ నా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయిది బంగ్సామోరోలోని కొతబాతో. ఒకసారి సెలవులకి నలుగురం వాళ్లింటికి వెళ్లాం.

వ్యాన్‌లో కిదపావన్ మీదుగా వెళ్తే సగం రోజు పోతుంది. దారిలో చెక్‌పోస్టు దగ్గర వ్యాన్ ఆపి మగవాళ్లందర్నీ దిగమంటారు. సంచులు లోపలే వదిలేసి, వరసగా సైనికుల ముందు నుంచి నడిచి, అవతల మళ్లీ ఎక్కాలి. మాకు గుండెలు దడదడలాడాయి. పక్కనున్న ముసలాయన మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, మన పల్లెల్లో రేషన్ లైన్లో నడిచినట్టు తాపీగా నడిచాడు. ఆయనకది యాభై ఏళ్ల అలవాటు అని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

కొతబాతోలో పొద్దున్నే పస్తిల్ తిన్నాం. వేడన్నం మీద చేత్తో చీల్చిన కోడికూర వేసి అరిటాకులో చుట్టిస్తారు, చాలా చవక. ఆ బండి దగ్గర వినపడే మాటలే అసలు చర్చ. ఒకాయన ఆస్పత్రి, బడి మునుపటికన్నా బాగయ్యాయన్నాడు. ఆ మాట నిజమే, పాత ప్రాంతం బడ్జెట్‌కీ దీనికీ పోలికే లేదు. కేంద్ర పన్నుల్లో 5 శాతం వాటా ఇప్పుడు ఎవర్నీ అడుక్కోకుండానే వస్తుంది. ఇంకొకాయన, మా ఊరి సభ్యుడెవరో నాకు తెలీదు, మురికి కాలవ కోసం ఎవరి గుమ్మం తొక్కాలి అన్నాడు. సభలో 80 మంది ఉన్నారు, ఒక్కరికీ నియోజకవర్గం లేదు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

నా బ్యాచ్‌మేట్ వాళ్లమ్మ సర్కారు బడిలో టీచరు. మన దగ్గరలాగే అక్కడా పోలింగ్ డ్యూటీ టీచర్లదే. ఈ రోజు మెసేజ్ పెట్టి అడిగాను. మామూలుగానే బడికి వెళ్లిందట.

నల్లగొండ పెద్దాయన | మధ్యాహ్నం 2:30

బిడ్డా, మంచిగ చెప్పినవ్. నేనొక పాత ముచ్చట చెప్త.

1948ల పోలీసు చర్య అయినంక మా హైదరాబాదు సంస్థానాన్ని ముందుగాల మిలిటరీ గవర్నర్ చౌదరి ఏలిండు. 1950 జనవరిల వెల్లోడి అనే ఐసీఎస్ ఆఫీసర్ని ముఖ్యమంత్రిని చేసిన్రు. ఆయనకు ఎవ్వరూ ఓటెయ్యలే. అదీ తాత్కాలికమే. కానీ 1952ల ఓట్లు పెట్టిన్రు, మార్చిల బూర్గుల రామకృష్ణారావు గద్దెనెక్కిండు. మూడున్నరేండ్లల్ల అయిపోయింది.

అప్పుడు మా జిల్లా ఎట్లుండె? సాయుధ పోరాటం విరమించిందే 1951 అక్టోబర్‌ల. కొన్ని నెలలకే ఓట్లు. తుపాకులన్నీ లెక్కవెట్టి అప్పజెప్పే దాక ఆగుతమని ఎవ్వరనలే. అడవుల నుంచి, జైళ్లకెల్లి వచ్చినోళ్లు పోటీకి నిలవడ్డరు. రావి నారాయణరెడ్డి నల్లగొండల నెహ్రూ కన్న ఎక్కువ ఓట్లతోని గెలిచిండు. మా నాయిన ఆ ఓటేసిండు. ఒక్కొక్కలకు ఒక్కొక్క పెట్టె ఉండేదట, నచ్చినోని పెట్టెల కాయితం వెయ్యాలె. చీకట్ల అన్నం పెట్టిన మనిషి పేరు మీద పెట్టె చూసి చేతులు వణికినయని చెప్పేటోడు.

తుపాకి పట్టినోనికి పార్లమెంటుల కుర్చీ దొరుకుతదని నమ్మకం కలిగితెనే తుపాకి కింద వెడ్తడు. నాకు తెలిసింది గదే.

కొండారెడ్డి బురుజు | సాయంత్రం 4:10

పెద్దాయనా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అయినా ఒక తేడా చూడండి. మీ దగ్గర సైన్యం అప్పటికే గెలిచింది. మిందనావోలో ఎవరూ గెలవలేదు, రాజీపడ్డారు. 40 వేల మంది పోరాటకారులు ఆయుధాలు దించాలని ఒప్పందం. 26 వేల పైచిలుకు మంది దించారు. మిగిలిన 14 వేల మంది ఆయుధాలు దించడం ఆపేస్తున్నామని ఈ జులైలో ఎంఐఎల్ఎఫ్ ప్రకటించింది. మనిషికి లక్ష పెసోలు ఇచ్చి చేతులు దులుపుకున్నారు, ఇల్లూ పనీ భూమీ మాటలు నిలబెట్టుకోలేదన్నది వాళ్ల ఆరోపణ. ప్రభుత్వం కాదంటోంది. ఇలాంటప్పుడు ఓడిపోయినవాడు ఇంటికెళ్లి అటక మీదున్న తుపాకి దింపడని హామీ ఏది?

గోదారి గట్టు | సాయంత్రం 5:00

హామీ లేదండీ. కానీ ఆగితే హామీ పెరుగుతుందా? ఆయుధాలు పూర్తిగా దించేదాకా ఓట్లు వద్దంటే, ఎన్నిక ఆపే తాళం చెవి అటు మనీలాకీ ఇటు తుపాకి పట్టినవాళ్లకీ ఇచ్చినట్టు. మురికి కాలవ గురించి అడిగిన ఆ పెద్దమనిషికి ఏ చెవీ లేదు.

తెనాలి కుర్రోడు | సాయంత్రం 5:20

సుప్రీంకోర్టు ఎందుకు ఆపింది మరి? అది కూడా వీళ్ల తప్పేనా?

గోదారి గట్టు | సాయంత్రం 6:05

ఇది కొంచెం ఓపిగ్గా చదవాలి తమ్ముడూ, కిటుకంతా ఇందులోనే ఉంది.

ఎన్నికయ్యే పార్లమెంటులో 80 సీట్లు. 40 పార్టీలకి వచ్చిన ఓట్ల దామాషాలో, 32 నియోజకవర్గాలవి, 8 పైన బురుజు గారు చెప్పిన ప్రత్యేక సీట్లు. 2019 ఓటింగ్‌లో సూలూ రాష్ట్రంలో నూటికి 54 మంది మేం చేరం అన్నారు. అయినా పాత స్వయంపాలిత ప్రాంతమంతా ఒకే ముద్ద అని లెక్కేసి సూలూని కలిపేశారు. వద్దన్నవాళ్లని కలపడం రాజ్యాంగ విరుద్ధమని 2024 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు తేల్చింది. సూలూ పోవడంతో దాని 7 నియోజకవర్గాలూ పోయాయి. మిగిలినవి 73 సీట్లు.

ఆ ఏడింటిని మిగతా చోట్లకి పంచాలి. పంచే పని ఈ తాత్కాలిక పార్లమెంటుది. తీర్పొచ్చింది 2024 సెప్టెంబరులో. కొత్త నియోజకవర్గాల చట్టం, 77వ నంబరు, వచ్చింది 2025 ఆగస్టు చివర్లో. దాదాపు ఏడాది! పోలింగ్‌కి నెలన్నర ముందు సరిహద్దులు మారిస్తే ఎలాగని కోర్టు దాన్ని కొట్టేసింది, అంతకుముందు నియోజకవర్గాలు గీసిన పాత 58వ చట్టాన్నీ కొట్టేసింది. ఈ అక్టోబరు 30లోపు సరైన చట్టం చేయండి, మార్చి 31లోపు ఎన్నిక పెట్టండి అంది.

కోర్టుని నేను తప్పుపట్టను. వద్దన్న సూలూని వదిలేయడం న్యాయం. కానీ పదకొండు నెలలు నాన్చిన సభ్యులకి ఆ నాన్చుడు వల్ల పోయిందేమిటి? పదవి ఇంకొన్నాళ్లు మిగిలింది. ఎవరి ఉద్దేశం ఏమిటో నాకు తెలియదు, ఫలితం మాత్రం కళ్లముందే ఉంది.

నల్లగొండ పెద్దాయన | సాయంత్రం 6:30

మా పంచాయతీల 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచ్ లేడు, ప్రత్యేకాధికారే. బోరు మోటరు కాలిపోతే ఎవల్ని అడగాల్నో సమజ్ కాలే. కొతబాతో ఆయన బాధ నాకు ఇంట్ల బాధ లెక్క అనిపిస్తుంది.

దావావ్ డాక్టరు | రాత్రి 8:15

ఒక్కటి ఎవరూ అనలేదు. ఈ మార్చిలో ఏం జరిగింది? ఎంఐఎల్ఎఫ్ అధినేత మురాద్ ఇబ్రహీం 2019 నుంచి తాత్కాలిక ముఖ్యమంత్రి. అధ్యక్షుడు మార్కోస్ ఆయన్ని మార్చి, అబ్దుల్‌రౌఫ్ మకాకువాని పెట్టాడు. మకాకువా కూడా ఎంఐఎల్ఎఫ్ సైన్యాన్ని నడిపినవాడే, పరాయివాడు కాదు. కానీ సంస్థ మళ్లీ మురాద్‌నే కోరింది. తామిచ్చిన జాబితాలో కొందర్ని పక్కనపెట్టారని గట్టిగా అభ్యంతరం చెప్పింది కూడా.

మనీలా ఒక్క సంతకంతో ముఖ్యమంత్రిని మార్చగలిగితే అది స్వయంపాలన ఎలా అవుతుంది? ఎన్నికైన సభ అయితే ముఖ్యమంత్రిని సభే ఎన్నుకుంటుంది, సభే దింపుతుంది. మా ఫ్రెండ్ వాళ్ల నాన్న ఎంఐఎల్ఎఫ్ వీరాభిమాని. మొదట్లో పొడిగింపుకి జై కొట్టాడు. మార్చి తర్వాత ఎన్నిక ఎప్పుడూ అని అడుగుతున్నాడట.

కొండారెడ్డి బురుజు | రాత్రి 9:30

డాక్టరూ, ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను.

నేను పొడిగింపుని సమర్థించింది మోరోల చేతిలో పగ్గాలుంటాయని. పొడిగించేకొద్దీ ఆ పగ్గాలు నియమించేవాడి చేతికి జారుతున్నాయని మార్చిలోనే అర్థం కావాల్సింది. యాభై ఏళ్లు కొట్లాడింది దీనికోసం కాదు.

అయినా వంశాల సైన్యాల సంగతి మాత్రం వదలను. రేపు మార్చిలో పోలింగ్ పెడితే గట్టి బందోబస్తుతోనే పెట్టాలి. నామినేషన్ వేయడానికి వెళ్లే ఆడబిడ్డ బతికి ఇంటికి రావాలి. అదొక్కటి చూసుకుంటే, ఈ అక్టోబరు 30 గడువు దాటినా మార్చి తేదీ వదలొద్దని నేనూ అంటాను.

గోదారి గట్టు | రాత్రి 9:45

బందోబస్తు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను బురుజు గారూ. 30న చట్టం వచ్చిందో లేదో చూసి ఈ థ్రెడ్‌లోనే రాస్తాను. డాక్టరూ, ఆ టీచరమ్మకి మార్చి డ్యూటీ ఆర్డరు వస్తే చెప్పు.