బ్రెగ్జిట్ షరతులు బ్రిటన్‌కు లాభమా, నష్టమా? దేన్ని బట్టి తేల్చాలి?

అశోక్‌నగర్ అభ్యర్థి:
గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నాను. నిన్న రాత్రి రూమ్‌లో నలుగురం ఇదే ప్రశ్న మీద గొడవపడ్డాం. 2016 జూన్ 23 రిఫరెండంలో 51.9 శాతం మంది బయటికి రావాలన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 24న కుదిరిన వాణిజ్య ఒప్పందంలో సుంకాలు సున్నా, కోటాలు లేవు. బయటికొచ్చాక కూడా సుంకం కట్టకుండా అమ్ముకోగలిగితే అంతకంటే మంచి షరతు ఏముంటుందని నా వాదన. రూమ్మేట్ ఒప్పుకోవట్లేదు. ఎగుమతుల్లో పనిచేసేవాళ్లు ఉంటే చెప్పండి.

జీడిమెట్ల రెగ్యులేటరీ:
తమ్ముడూ, మీ రూమ్మేట్ వైపే నేను. ఒక మందుల కంపెనీలో రెగ్యులేటరీ పని, అంటే ప్రభుత్వ అనుమతుల పని చేస్తాను, యూరప్ ఫైళ్లన్నీ నా టేబుల్ మీద నుంచే వెళ్తాయి.

సుంకం సున్నా అన్నది అన్ని సరుకులకూ కాదు. బ్రిటన్‌లోనో యూరప్‌లోనో తయారైనట్టు రుజువు చూపిన వాటికే. తిరుపూర్‌లో కుట్టిన చొక్కా లండన్ గోడౌన్‌కు చేరి, అక్కడి నుంచి ఐర్లాండ్ షాపుకు వెళ్తే మళ్లీ సుంకం పడుతుంది. 2020 వరకు ఆ బాధ లేదు.

మందుల సంగతి ఇంకా వేరు. మనలాంటి దేశాల నుంచి యూరప్‌కు వెళ్లే ప్రతి బ్యాచ్‌ను అక్కడ మళ్లీ టెస్ట్ చేయాలి, క్వాలిఫైడ్ పర్సన్, అంటే నాణ్యతకు బాధ్యత వహించే నిపుణుడు సంతకం చేసి విడుదల చేయాలి. ఇదివరకు మా సరుకు ఇంగ్లండ్‌లోని ల్యాబ్‌కు వెళ్లేది. ఆ ఒక్క సంతకంతో యూరప్ మొత్తం తిరిగేది. 2021 జనవరి 1 నుంచి ఆ సంతకం యూరోపియన్ యూనియన్‌లో చెల్లదు. ఒప్పందంలో ఫ్యాక్టరీ తనిఖీలను ఒకరివి ఒకరు గుర్తిస్తామని రాసుకున్నారు గానీ బ్యాచ్ టెస్టింగ్‌ను వదిలేశారు. యూరప్‌లో చేసిన టెస్ట్‌ను మాత్రం బ్రిటన్ తనంతట తాను ఒప్పుకుంటోంది. అందుకే మేం ల్యాబ్ పనిని యూరప్‌కు మార్చుకున్నాం. ఆ పని, ఆ జీతాలు ఇంగ్లండ్ నుంచి వెళ్లిపోయాయి. సుంకాల పట్టికలో ఇది ఏ గడిలోనూ కనబడదు. లండన్‌లో ఉన్న యూరప్ మందుల నియంత్రణ సంస్థ కూడా 2019లో ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ నాన్న:
అమ్మా, మీరు కంపెనీల వైపు నుంచి చూస్తున్నారు. మా అబ్బాయి 2022లో లెస్టర్‌లో ఎంఎస్సీకి వెళ్లాడు. చదువయ్యాక రెండేళ్లు పని చేసుకునే వీసా దొరికింది. అంతకుముందు యూరప్ వాళ్లు వీసా లేకుండా వచ్చి ఉద్యోగాల్లో చేరేవాళ్లు, మన పిల్లలు స్పాన్సర్ల కోసం తిరిగేవాళ్లు. ఇప్పుడు అందరికీ ఒకటే రూలు. మనతో వాణిజ్య ఒప్పందం మీద 2025 జులై 24న సంతకాలయ్యాయి. విస్కీ మీద మన 150 శాతం సుంకం ముందు 75కి, పదేళ్లలో 40కి దిగుతుంది. మన ఎగుమతుల్లో 99 శాతానికి అక్కడ సుంకం ఉండదు. యూనియన్‌లో ఉంటే బ్రిటన్ సొంతంగా ఈ సంతకం పెట్టగలిగేదా? జనం ఓటేసి అడిగింది సొంత నిర్ణయమే కదా.

ఇంకొకటి. వాడు మొన్న చికెన్ ప్యాకెట్ ఫొటో పంపాడు. దాని మీద "నాట్ ఫర్ ఈయూ", అంటే యూరోపియన్ యూనియన్‌కు కాదు అని ఉంది. లెస్టర్‌లో అమ్మే చికెన్ మీద అదెందుకు నాన్నా అని అడిగాడు. నాకూ తెలియలేదు.

జీడిమెట్ల రెగ్యులేటరీ:
వాణిజ్య ఒప్పందం మాట నిజమే అంకుల్, ఒప్పుకుంటాను. యూనియన్ సభ్యదేశం విడిగా వాణిజ్య ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. వీసా సంగతి అలా కాదు. మన పిల్లలకు ఏ వీసా ఇవ్వాలో బ్రిటన్ అప్పుడూ తనే నిర్ణయించుకునేది. చదువయ్యాక పనిచేసే పాత వీసాను 2012లో, యూనియన్‌లో ఉండగానే ఎత్తేసింది. 2021లో మళ్లీ తెచ్చింది. ఆ రెండేళ్లను పద్దెనిమిది నెలలు చేస్తామని 2025లో ప్రకటించింది. నిష్క్రమణ ఒప్పందంలో మన పిల్లలకు హామీ ఏదీ లేదు.

ఆ చికెన్ ప్యాకెట్‌కు జవాబు ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది. ఐర్లాండ్ ద్వీపంలో ఆ ముక్క బ్రిటన్‌ది, మిగతాది యూనియన్ సభ్యదేశం. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ ద్వీపం మధ్యలో సరిహద్దు తనిఖీలు పెట్టకూడదన్నది అందరూ ఒప్పుకున్న మాట. కాబట్టి ఉత్తర ఐర్లాండ్‌లో సరుకులకు యూరప్ నిబంధనలే ఉంచి, తనిఖీలను సముద్రం మీదికి జరిపారు. అంటే ఒకే దేశంలో ఒక ముక్కకు వేరే రూలు. అది కుదరక 2023లో విండ్సర్ ఒప్పందంతో సడలించారు. అటు వెళ్లే సరుకు ఉత్తర ఐర్లాండ్ దాటి యూనియన్‌లోకి పోకుండా ఈ ముద్ర. రెండు రకాల ప్యాకెట్లు తయారు చేయలేక చాలా కంపెనీలు అన్నిటి మీదా వేస్తున్నాయి. మాకూ అదే తిప్పలు. 2025 జనవరి నుంచి బ్రిటన్‌కు వెళ్లే ప్రతి మందు డబ్బా మీద "యూకే ఓన్లీ" అని ఉండాలి. ఇదివరకు బ్రిటన్‌కు, ఐర్లాండ్‌కు ఒకటే ఇంగ్లిష్ డబ్బా పంపేవాళ్లం. ఇప్పుడు రెండు డబ్బా డిజైన్లు, రెండు స్టాకులు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
మేడమ్, మరి ఇలాంటి షరతులకు వాళ్లెందుకు ఒప్పుకున్నారు? అంత పెద్ద దేశం కదా.

జీడిమెట్ల రెగ్యులేటరీ:
గడువు. యూనియన్ ఒడంబడికలో 50వ అధికరణం ప్రకారం నోటీసిచ్చిన రోజు నుంచి రెండేళ్లలో బయటికెళ్లాలి. పొడిగించాలంటే మిగతా దేశాలన్నీ సరేననాలి. ఏం కావాలో ఇంట్లో తేల్చుకోకుండానే బ్రిటన్ 2017 మార్చి 29న నోటీసిచ్చేసింది. 2019 జనవరిలో ప్రధాని తెరెసా మే తెచ్చిన ఒప్పందాన్ని వాళ్ల పార్లమెంటే 432-202 ఓట్లతో తిప్పికొట్టింది. గడువు తరుముకొస్తుంటే బేరమాడే బలం ఎక్కడిది? వాణిజ్య ఒప్పందం కూడా గడువుకు వారం ముందే కుదిరింది.

మన రాష్ట్ర విభజన చూడండి. 2014 జూన్ 2న తేదీ పడింది. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024లో ముగిసింది. విభజన చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంపకం అప్పటికీ తెగలేదు. విడిపోయే రోజు ఖరారయ్యాక పంపకాల మీద తొందరపెట్టేవాళ్లు ఉండరు.

దిల్‌సుఖ్‌నగర్ నాన్న:
పంపకాల మాట ఒప్పుకుంటాను. అయినా కష్టమని చెప్పి ఎవరూ విడిపోకూడదంటే ఎలాగమ్మా? వాళ్ల చట్టం వాళ్లు రాసుకుంటున్నారు. దానికి కొంత ధర కట్టడానికి సిద్ధపడే ఓటేశారు.

జీడిమెట్ల రెగ్యులేటరీ:
ఆ ధర ఎంతో ఓటేసిన రోజున వాళ్లకు స్పష్టంగా తెలియలేదన్నదే నా బాధ అంకుల్. యూనియన్‌లో ఉండి ఉంటే వచ్చే ఉత్పాదకత కంటే దీర్ఘకాలంలో 4 శాతం తక్కువ ఉంటుందని వాళ్ల బడ్జెట్ లెక్కలు చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ అంచనా. అది తర్వాత వేసిన లెక్క.

షరతులు ఇప్పటికీ కదులుతూనే ఉన్నాయి. 2026లో ముగియాల్సిన చేపల వేట ఏర్పాటును 2025 మేలో 2038 దాకా పొడిగించారు. ఆహార తనిఖీలు తగ్గించే ఒప్పందానికి అప్పుడే సరేననుకున్నారు. మీ అబ్బాయి చూసిన ప్యాకెట్ గొడవ దాంతో తగ్గొచ్చు. మందులు అందులో లేవు. సోమవారం ఇంకో మూడు "యూకే ఓన్లీ" డబ్బాల డిజైన్ల మీద నేను సంతకం పెట్టాలి.