గ్యాలరీలో ఇన్‌స్టలేషన్ కంప్యూటర్: నెట్ పీకేయాలా, ఉంచాలా?

రంగులరాట్నం:
హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో రెండు నెలలు మా ఇన్‌స్టలేషన్ పెడుతున్నాం. టచ్‌స్క్రీన్ మీద వేలితో గీస్తే ఆ గీత ప్రొజెక్టర్‌లో గోడంతా పారుతుంది. వెనక విండోస్ మినీ పీసీ, అందులో ఈ గీతల్ని బొమ్మగా నడిపే టచ్‌డిజైనర్ అనే ప్రోగ్రాం. నెట్ పీకేసి, పెట్టెలో పెట్టి తాళం వేద్దామని మా వాళ్లు. నేను ఊళ్లో ఉండను, దూరం నుంచే నెట్ మీద పీసీని చూసుకునే రిమోట్ ఉండాల్సిందేనని నేను. మీరేమంటారు?

తాళంచెవి:
పీకేయండి. గ్యాలరీ వైఫై పాస్‌వర్డ్ క్యాంటీన్ కుర్రాడికి కూడా తెలిసే ఉంటుంది. పైగా నెట్ ఉంటే అప్‌డేట్లు దిగుతాయి. చీఫ్ గెస్ట్ ముందు గోడ మీద రీస్టార్ట్ సున్నా గిర్రున తిరుగుతుంటే చూడాలి మరి.

మీటనొక్కు:
హ్యాకర్ కంటే ముందు ఎనిమిదేళ్ల పిల్లాడు వస్తాడు సార్. స్క్రీన్ అంచు నుంచి లోపలికి వేలు లాగితే విండోస్ ప్యానెల్ బయటికొస్తుంది. ముందు గ్రూప్ పాలసీలో, అంటే విండోస్ నియమాలు మార్చే చోట, ఈ ఎడ్జ్ స్వైప్ ఆపండి. కీబోర్డ్ అసలు ఉంచొద్దు. ఎస్కేప్ నొక్కితే టచ్‌డిజైనర్‌లో బొమ్మ మాత్రమే చూపే పెర్‌ఫార్మ్ మోడ్ పోయి, లోపల మీరు కట్టిన నోడ్ల డబ్బాలన్నీ గోడ మీద పడతాయి. షిఫ్ట్ ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్ ఆన్ చేయాలా అని విండోస్ అడిగే డబ్బా. కంట్రోల్-ఆల్ట్-డిలీట్‌ని మామూలు ప్రోగ్రాం ఏదీ ఆపలేదు. ప్రోగ్రాం అడ్మిన్ కాని అకౌంట్‌లోనే నడవాలి. డెస్క్‌టాప్ కనపడకుండా అదొక్కటే లేవడానికి విండోస్‌లో షెల్ లాంచర్ అనే సదుపాయం ఉంది, కానీ అది ప్రో ఎడిషన్‌లో రాదు.

రంగులరాట్నం:
మాది ప్రోనే. చచ్చాం.

పాతసర్వర్:
విండోస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి మారితే షెల్ లాంచర్‌తో పాటు యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ కూడా వస్తుంది. డిస్క్ మీద రాసేదంతా ర్యామ్‌లోకి మళ్లుతుంది, రీబూట్ చేస్తే అన్నీ మొదటికి. ఎవరు ఏం పాడుచేసినా మర్నాటికి ఉండదు. కానీ ఆ ర్యామ్ వాటా మామూలుగా 1024 ఎంబీ. మీ ప్రోగ్రాం లాగ్‌లు రాస్తూ పోతే నిండిపోయి మెషీన్ బిగుసుకుంటుంది. రోజూ ఒక రీబూట్ తప్పదు.

మీటనొక్కు:
ఆ రీబూట్ వాచ్‌మన్ చూసుకుంటాడు. మూసేటప్పుడు మెయిన్ ఆపేస్తారు కదా. బయోస్‌లో (విండోస్ లేవకముందు వచ్చే పీసీ సెట్టింగుల్లో) కరెంటు రాగానే తనంతట తానే ఆన్ అయ్యేలా పెట్టండి. తాళం వేసే పెట్టెకి గాలి రంధ్రాలు, ఒక ఫ్యాన్ మర్చిపోవద్దు. ప్లైవుడ్ డబ్బాలో మినీ పీసీ వేడెక్కితే ముందు బొమ్మ తడబడుతుంది, తర్వాత పీసీ ఆగిపోతుంది.

రంగులరాట్నం:
ఇంతకీ రిమోట్ సంగతి?

పాతసర్వర్:
గ్యాలరీ వైఫై వద్దు. సొంత 4జీ డాంగిల్, మీకు మాత్రమే దారి ఇచ్చే వీపీఎన్ పెట్టుకోండి, బయటి వాళ్లు నెట్ మీంచి లోపలికి రాగల పోర్టులేవీ తెరవొద్దు. ప్రదర్శన వేళల్లో అప్‌డేట్లు ఆపుకోవచ్చు. రెండు నెలల పాటు కంటికి కనపడని మెషీన్‌ని నమ్మడం నా వల్ల కాదు.

తాళంచెవి:
ఒప్పుకోను. ప్రొజెక్టర్ ప్లగ్ ఊడితే మీ వీపీఎన్ వచ్చి పెడుతుందా? అక్కడి మనిషికి ఒక తాళంచెవి, తెలుగులో రాసిన ఒక కాగితం ఇవ్వండి. అతని ఫోన్ నంబర్ మీరు తీసుకోండి.

పాతసర్వర్:
ప్లగ్ ఊడిందని అతను గమనించేదాకా గోడ ఖాళీయే కదండీ. రిమోట్ ఉంటే కనీసం తెలుస్తుంది.

తాళంచెవి:
ప్రొజెక్టర్ ఆగిపోయినా పీసీ నిక్షేపంగా నడుస్తుంటుంది. రిమోట్‌లో మీకు అంతా బాగున్నట్టే కనపడుతుంది!