ఇచ్చంపల్లి ఆనకట్టను మళ్లీ తలకెత్తుకోవాలా?

గోదారి గట్టు (ములుగు): ఇథియోపియా నీలి నైలుపై 5,150 మెగావాట్ల ఆనకట్ట కట్టి, 2025 సెప్టెంబరులో ప్రారంభించింది. అదీ ఎక్కువగా సొంత డబ్బుతో. గోదావరిపై తలపెట్టిన మన ఇచ్చంపల్లి ఆనకట్ట, నదీ జలాలను రాష్ట్రాలకు పంచిన 1980 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పులో ఉన్నా కాగితం దాటలేదు. వానకాలమంతా గోదావరి సముద్రం పాలవుతుంటే, మనం బొగ్గు కాల్చుకుంటూ కూర్చోవాలా?

పాత ఇంజనీరు (హన్మకొండ): తమ్ముడూ, జలవిద్యుత్తుకు నీరొక్కటే చాలదు, అది పడే ఎత్తు కావాలి. నీలి నైలు లోయలు కోసుకుంటూ దిగుతుంది. మన దగ్గర గోదావరిది నిదానమైన నడక. ఎత్తు కోసం నీటిని నిలబెడితే ఇంద్రావతి వైపు బస్తర్, గడ్చిరోలి అడవులు మునుగుతాయి. పై రాష్ట్రాల అభ్యంతరం ఒట్టి రాజకీయం కాదు.

శ్రీరాంసాగర్‌నే చూడండి. కట్టినప్పుడు 112 టీఎంసీలు, పూడిక పడి ఇప్పుడు సుమారు 80. అంత జలాశయానికి నాలుగు యంత్రాలు, మొత్తం 36 మెగావాట్లు! అవీ కాకతీయ కాలువకు నీరు వదిలినప్పుడే తిరుగుతాయి. అదే బొగ్గుతో నడిచే చెల్పూరు థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు.

ఏటూరునాగారం వాసి: మరి వరద సంగతేమిటి సార్? 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. పైన పెద్ద జలాశయం ఉంటే కొంతైనా ఆగేది కదా.

పాత ఇంజనీరు: వరద ఆపాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి, కరెంటు తీయాలంటే నిండుగా ఉండాలి. రెండు హామీలూ ఒకే ఆనకట్ట మీద ఇచ్చేవారిని నేను నమ్మను.

కోయగూడెం ఆడపడుచు: పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా మండలాలు ఏడు ఏపీలో కలిశాయి. నిర్వాసితుల్లో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. ముందు వాళ్లందరికీ ఇళ్లూ భూములూ చూపించి, తర్వాత ఇచ్చంపల్లి మాటెత్తండి.

గోదారి గట్టు: అయితే జలవిద్యుత్తే వద్దంటారా?

పాత ఇంజనీరు: అనలేదు. దాని మీదే బతకాలనుకోవద్దంటున్నాను. జాంబియా కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తే. 2024 కరవులో కరీబా జలాశయం అడుగంటి, రోజులో చాలా గంటలు జనం చీకట్లో గడిపారు. ఉన్నవాటిని తెలివిగా వాడుకోవాలి. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల యంత్రాలు రెండువైపులా తిరిగేవి, దిగువన నీరు నిలిచి ఉంటే పైకి తోడగలవు. మధ్యాహ్నం మిగిలే సౌర విద్యుత్తుతో తోడి, సాయంత్రం దించుకోవచ్చు.

గోదారి గట్టు: అది కృష్ణా సార్. మా వైపు ఏం చేయాలో చెప్పండి.

పాత ఇంజనీరు: కాలువ నీరు మెట్టు దిగే చోటల్లా చిన్న యంత్రాలు పెట్టాలి. పెద్దపల్లి వైపు మినీ హైడల్ కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. ఎలాగూ ఆయకట్టుకు వదిలే నీరే కాబట్టి కొత్తగా ఏ ఊరూ మునగదు. మెగావాట్లు తక్కువే, మీరు కోరినంత రావు.