‘ది క్రూసిబుల్’ చదువుతున్నాం: సంతకం పెట్టినవాడు కాగితం ఎందుకు చింపేశాడు?

గోదారిగట్టు
మా అమ్మాయి న్యూజెర్సీలో పదకొండో తరగతి. ఇంగ్లిష్ క్లాసులో ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ది క్రూసిబుల్’ చెబుతున్నారు. తనతో పాటు నేనూ చదవడం మొదలుపెట్టాను. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలంటూ జనాన్ని ఉరితీసిన కథ. మూడో అంకం దాకా బాగానే నడిచింది. నాలుగో అంకం అయ్యాక తను అడిగింది: "అమ్మా, జాన్ ప్రాక్టర్ తప్పు ఒప్పుకున్నాడు, సంతకం కూడా పెట్టేశాడు. ఆ కాగితం ఇచ్చేసి ఇంటికెళ్లిపోవచ్చు కదా? భార్య కడుపుతో ఉంది, పిల్లలున్నారు. ఎందుకు చింపేశాడు?" నాకు జవాబు తోచలేదు. వచ్చే వారం వ్యాసం ఇవ్వాలి, తనకి టెన్షన్‌గా ఉంది. చదివినవాళ్లు, పాఠం చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే మీకెలా అర్థమైందో చెప్పండి.

చివరిబెంచీ
నేను ఎం.ఏ. ఇంగ్లిష్‌లో ఈ నాటకం చదివాను. చదివానంటే గైడు బట్టీ పట్టాను. "ఇది మెకార్తీ కాలానికి ప్రతీక" అని (1950ల్లో అమెరికాలో కమ్యూనిస్టులంటూ జనాన్ని అనుమానించి, తోటివాళ్ల పేర్లు చెప్పమని విచారించిన రోజులు అవి) నాలుగు పేజీలు నింపి, మెకార్తీయే మిల్లర్‌ని విచారించాడని రాసేశాను. అది తప్పు. మెకార్తీ సెనేటర్. మిల్లర్‌ని పిలిచింది ప్రతినిధుల సభ కమిటీ, అదీ 1956లో. నాటకం మొదటిసారి ఆడింది 1953 జనవరిలో, న్యూయార్క్‌లో. అంటే తోటివాళ్ల పేర్లు చెప్పనన్న ప్రాక్టర్‌ని ముందు రాశాడు, మూడేళ్ల తర్వాత తనే ఆ గదిలో నిలబడి పేర్లు చెప్పనన్నాడు. 1957లో కాంగ్రెస్ ధిక్కారం కింద శిక్ష పడింది, 1958లో పైకోర్టు కొట్టేసింది. పాపకి ఈ వరస చెప్పండి. తేదీలు తారుమారైతే వ్యాసం మొత్తం పక్కకి పోతుంది.

పాఠంమాస్టారు
అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో ఈ నాటకం చాలా ఏళ్లు చెప్పాను. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. అడగని బ్యాచ్‌లో నేనే అడిగేవాణ్ణి.

మెకార్తీని మొదటి రోజే తెస్తే పిల్లలు నాటకం చదవడం మానేస్తారు. అందుకని ముందు బోర్డు మీద రెండు వరసలు గీసేవాణ్ణి. నేను మంత్రగత్తెనని ఒప్పుకున్నవాళ్లు ఒక వైపు, కాదన్నవాళ్లు రెండో వైపు. టిట్యుబా ఒప్పుకుంది, బతికింది. రెబెకా నర్స్ 71 ఏళ్ల పెద్దావిడ, కాదంది, ఉరితీశారు. చరిత్రలోనూ అంతే. ఉరికంబం ఎక్కిన 19 మందిలో, ఒప్పుకుని చివరిదాకా ఆ మాట మీదే ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. నాటకంలో జైల్స్ కోరీ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ముసలాయన గుండెల మీద బండలు పేర్చి చంపారు. రెండు వరసలూ నిండేసరికి క్లాసు నిశ్శబ్దమైపోయేది. అబద్ధమాడితే ప్రాణం దక్కుతుంది, నిజం చెబితే పోతుంది. పైగా సాక్ష్యమేమిటి? "ఆమె ఆకారం రాత్రి వచ్చి నన్ను గిల్లింది" అని ఒక పిల్ల చెప్పడం. నేను ఇంట్లో పడుకున్నానంటే ఏం లాభం, వచ్చింది ఆకారం కదా!

ఇప్పుడు ఆ కాగితం సంగతి. ప్రాక్టర్ నోటితో ఒప్పుకున్నాక కూడా జడ్జి డాన్‌ఫోర్త్‌కి సంతకం ఎందుకు కావాలి? చర్చి తలుపుకి అంటించడానికి. ఊరు గౌరవించే మనిషి ఒప్పుకున్నాడంటే, అదే పొద్దున ఉరికి వెళ్తున్న రెబెకా అబద్ధం చెబుతున్నట్టే. అప్పటిదాకా వేసిన ఉరిశిక్షలన్నీ న్యాయమైపోతాయి. ఆ అబద్ధం ఆయన ఒక్కడితో ఆగేది కాదు. పిల్లలకి తాను ఇచ్చి వెళ్లేది పేరొక్కటే, దాన్ని స్నేహితుల శవాల మీద మేకు కొట్టి వేలాడదీయడం ఆయన వల్ల కాలేదు.

ఇంకో మాట. క్రూసిబుల్‌కి తెలుగు మాట కావాలని ఒకసారి క్లాసులో అడిగాను. బంగారం పని చేసే ఇంటి కుర్రాడు లేచి "మూస అండీ" అన్నాడు. మూసలో బంగారం కరిగించి వెలిగారం వేస్తే మలినం పైకి తేలుతుందని చెప్పాడు. అంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మేరీవారెన్
కాలేజీలో ఈ నాటకం వేశాం, నాది మేరీ వారెన్ పాత్ర, ఊళ్లోవాళ్ల మీద నిందలు వేసిన పిల్లల్లో ఒకత్తి. మూడో అంకంలో ఆ అమ్మాయి కోర్టుకొచ్చి "మేమంతా నటించాం" అని నిజం చెబుతుంది. అప్పుడు మిగతా పిల్లలు ఆమె ఏ మాటంటే ఆ మాటే తిరిగి అంటారు. ఆపండి అంటే ఆపండి అంటారు. పైన దూలం మీద పసుపు పిట్ట ఉందని, దాన్ని మేరీయే పంపిందని అరుస్తారు. చదివినప్పుడు మేరీ మీద నాకు కోపమే వచ్చింది, చివరికి ప్రాక్టర్ మీదే నింద వేసి ఆ పిల్లల్లో కలిసిపోతుంది కదా. రిహార్సల్స్‌లో నా స్నేహితురాళ్లే చుట్టూ నిలబడి నా మాటలు నాకే అప్పజెబుతుంటే మూడో రోజుకి నిజంగా ఏడ్చేశాను. అది నటన అని తెలిసీ వాళ్ల వైపు పరుగెత్తాలనిపించింది. ప్రాక్టర్ చేసింది ఎంత కష్టమో నాకు మేరీ వైపు నుంచే తెలిసింది. ఆ సీను పాపతో ఇంట్లో గట్టిగా చదివించి చూడండి.

పొలంగట్టు
మా అమ్మమ్మది తెలంగాణలో చిన్న ఊరు. పక్కింటివాళ్ల దూడ చనిపోతే చేతబడి చేశావని ఆమె మీదకి వచ్చారు. వాళ్లతో అప్పటికే గట్టు తగాదా ఉంది. అదృష్టం బాగుండి పెద్దమనుషులు ఆపారు. నాటకంలో పుట్నం అనే భూస్వామి తన కూతురితో నింద వేయించి పొరుగువాళ్ల భూమి కొట్టేయాలని చూస్తున్నాడని జైల్స్ కోరీ కోర్టులో అరిచే చోట నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను.

బోస్టన్‌పక్కన
చరిత్రకీ నాటకానికీ తేడా పాపకి తెలియాలి. నిందలు వేసే పిల్లల్ని నాటకంలో నడిపించే అబిగైల్‌కి అసలు అప్పుడు పదకొండో పన్నెండో, మిల్లర్ 17 చేశాడు. ప్రాక్టర్ అరవయ్యేళ్ల మనిషి. వాళ్లిద్దరి మధ్య సంబంధం మిల్లర్ కల్పన. ప్రాక్టర్ భార్య ఎలిజబెత్‌కి కడుపుతో ఉండటం వల్ల ఉరి తప్పడం మాత్రం నిజం.

వీలైతే సేలం తీసుకెళ్లండి. 1992లో కట్టిన స్మారకం ఉంది, చనిపోయినవాళ్లకి తలా ఒక రాతి బెంచీ, మొత్తం 20. లోపలికి అడుగుపెట్టే చోట రాళ్ల మీద "నేను నిర్దోషిని" అన్న వాళ్ల మాటలు చెక్కారు. అవి గోడ దగ్గరికొచ్చి సగంలోనే ఆగిపోతాయి. ఇంకొకటి, పాపకి నచ్చుతుంది: శిక్ష పడ్డవాళ్లలో ఎలిజబెత్ జాన్సన్ అనే ఆవిడ పేరు మాత్రం రికార్డుల్లో దోషిగానే మిగిలిపోయింది. ఒక స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుబట్టి, 2022లో చట్టం ద్వారా ఆ నింద తీయించారు.

చివరిబెంచీ
మళ్లీ నేనే. పాప ప్రశ్న తప్పని మాత్రం అనుకోవద్దు. నాటకంలో పాస్టర్ హేల్ సరిగ్గా అదే అడుగుతాడు. ప్రాణం కంటే ఏదీ గొప్పది కాదు, అబద్ధం చెప్పమనండి అని ఎలిజబెత్‌ని బతిమాలుతాడు. మొదట మంత్రగత్తెల్ని పట్టడానికి పుస్తకాలు మోసుకొచ్చినవాడే ఆయన.

గోదారిగట్టు
అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి నాలుగో అంకం ఇద్దరం గట్టిగా చదివాం. ప్రాక్టర్ తను, ఎలిజబెత్ నేను. చివర్లో ఎలిజబెత్ వెళ్లి ఆయన్ని ఆపొచ్చు, హేల్ కాళ్లావేళ్లా పడుతున్నాడు. ఆమె కదలదు. ఆ చోట నాకు గొంతు పెగల్లేదు, తనే నా మాటలు కూడా చదివేసింది. వ్యాసం హేల్ అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టింది. మాస్టారూ, మీ రెండు వరసలూ ఫ్రిజ్ మీద అంటించుకుంది. శనివారం సేలం వెళ్దామంటోంది. బోస్టన్‌పక్కన గారూ, ఆ బెంచీల దగ్గర కారు ఎక్కడ పెట్టుకోవాలో కాస్త చెబుతారా?