ఇన్ఫెక్షన్ గైడ్‌లైన్స్ పాటించని ఆసుపత్రికి జరిమానా వేయాలా?

తులసికోట: ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ల నివారణకి కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జనవరిలో జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. పాటించకపోతే అడిగే నాథుడు లేడు. అదే 2016 నాటి బయోమెడికల్ (ఆసుపత్రి) వ్యర్థాల నిబంధనలు పర్యావరణ చట్టం కింద ఉన్నాయి కాబట్టే చిన్న నర్సింగ్ హోంలో కూడా ఆ వ్యర్థాల్ని వేరుచేసే పసుపు, ఎరుపు డబ్బాలు కనిపిస్తున్నాయి. ఇన్ఫెక్షన్ మార్గదర్శకాలకీ జరిమానా పెట్టాల్సిందే.

నైట్‌డ్యూటీ సిస్టర్: డబ్బాలు కనిపిస్తాయండీ. మూత తీసి చూశారా ఎప్పుడైనా? మా వార్డులో ఎర్ర డబ్బా నిండా అరటితొక్కలు, టీ కప్పులు. జరిమానా అన్నారంటే కుట్ల దగ్గర చీము పట్టినా రిజిస్టర్‌లో ‘ఇన్ఫెక్షన్’ అని ఎవరూ రాయరు.

ఇక చేతులు కడగడం. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, నీళ్లు లేకుండా రుద్దుకునే హ్యాండ్‌రబ్‌తో 20 నుంచి 30. రాత్రి 32 మందికి నేనొక్కదాన్నే. సింక్ వార్డు చివర్లో ఉంది, మోచేత్తో తిప్పే కుళాయి పిడి విరిగితే గాజుగుడ్డతో కట్టాం. కాగితం మీద ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు కూడా నేనే!

తులసికోట: అయితే గాలికి వదిలేద్దామా సిస్టర్? మా నాన్నగారికి మోకాలి ఆపరేషన్ తర్వాత చీము పట్టి ఇంకో 11 రోజులు ఉంచారు. ఆ బిల్లు కూడా మేమే కట్టాం.

మైక్రోబయాలజీ పీజీ: ఇద్దరూ ఇన్ఫెక్షన్ల లెక్క దగ్గరే ఆగిపోయారు. లెక్క మీద జరిమానా వేస్తే దాస్తారు, సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఉండాల్సినవి లేకపోతే వేయండి. వేరే డ్యూటీ లేని ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు లేరా? మంచం పక్కన హ్యాండ్‌రబ్ లేదా? వీటిని దాచడం కష్టం. ఇన్ఫెక్షన్ల నివారణకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిన 8 మూలాంశాల్లో సిబ్బంది పనిభారం కూడా ఉంది, మనవాళ్లు పోస్టర్లు అంటించి సరిపెడతారు. సర్కారు ఆసుపత్రులకి శుభ్రత కోసం 2015 నుంచి కాయకల్ప అవార్డులున్నాయి. మార్కులేసే టీమ్ వస్తోందంటే ముందురోజు సున్నం వేయించడం నేను కళ్లారా చూశాను.

తులసికోట: సర్ప్రైజ్ తనిఖీ అయితే సరే, ఒప్పుకుంటా.

నైట్‌డ్యూటీ సిస్టర్: నాకూ ఓకే. కానీ ఆ జరిమానా మేనేజ్‌మెంటే కట్టాలి, మా జీతంలో కోస్తే ఊరుకోం. ఉంటానండీ, రిలీవర్ ఇంకా రాలేదు, 14వ బెడ్‌కి సెలైన్ అయిపోవస్తోంది.